ఎర్రది నొక్కు

చనిపోయిన పిల్ల రోజూ పొద్దున ఆరూ పదికి నా సర్వర్ తలుపు తట్టేది. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరెప్పుడొచ్చారో సర్వర్ రాసిపెట్టుకునే లాగ్ ఫైల్ అంటే మాత్రం ఉంది, అదే నా ఖర్మ.

ఆ పిల్లా నేనూ అశోక్‌నగర్‌లో ఒకే హాస్టల్ గదిలో మూడేళ్లున్నాం. ఇద్దరం సర్కారు కొలువుల పరీక్షలకు చదివేవాళ్లం. దరఖాస్తులన్నీ నెట్ సెంటర్ వాడే నింపేవాడు. పాస్‌వర్డ్ వాడిష్టం, ఫోన్ నంబరూ వాడిదే. ఒకసారి వాడు దుకాణం మూసేసి ఎటో పోయాడు. ఆ పిల్లకు హాల్‌టికెట్ రాలేదు, పరీక్ష పోయింది. ఆ కోపంతో నేనొక చవక సర్వర్ కిరాయికి తీసుకుని, అందులో మా ఇద్దరికీ పాస్‌వర్డ్‌లు దాచే ప్రోగ్రామ్ ఒకటి పెట్టాను, ఎవరి పెట్టె వాళ్లది. ఆ సర్వర్‌కు మెమరీ ఎంత తక్కువంటే, కాస్త బరువెక్కితే చాలు, సిస్టమే ఏదో ఒక ప్రోగ్రామ్‌ను ఎంచుకుని చంపేసేది. చాలాసార్లు చచ్చేది నా ప్రోగ్రామే. మళ్లీ లేపేదాన్ని. చిక్కడపల్లి లైబ్రరీకి బయల్దేరుతూ ఆ పిల్ల, "అక్కా, ఇయ్యాల బతికే ఉందా?" అని ఎగతాళి చేసేది.

సర్వర్ నాదైనా ఎవరి పెట్టెలో ఏముందో నాకు కనపడదు. కానీ ఒక ఏర్పాటుంది. నమ్మినవాళ్ల పేరు ఒకటి రాసుకోవచ్చు. వాళ్లు తెరవమని అడిగాక ఏడు రోజుల్లో యజమాని వద్దనకపోతే పెట్టె తెరుచుకుంటుంది. ఆ పిల్ల నా పేరు రాసింది. అడిగినట్టు యజమాని ఫోన్‌కు సందేశం వచ్చేలా, కింద సరేననడానికి ఒక పచ్చ బటనూ వద్దనడానికి ఒక ఎర్ర బటనూ ఉండేలా నేనే తగిలించాను.

వానాకాలంలో జ్వరమొచ్చింది. ఆసుపత్రిలో ఐదో రోజున పోయింది.

నెల తర్వాత వాళ్లమ్మ నా దగ్గరికొచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, అంబర్‌పేట్ బస్తీలో ఉంటూ బిల్డింగ్ పనులకు కూలికి పోయే మనిషి. "దాని ఫోను దవాఖానల్నే పోయింది బిడ్డా. దాని గొంతు యాడనన్న దొర్కుతదా?" అంది. ఆ పిల్ల పాఠాలను తన గొంతుతోనే రికార్డు చేసుకుని, నడుస్తూ వినేది. అవన్నీ ఆన్‌లైన్‌లో దాచేది, ఆ పాస్‌వర్డ్ పెట్టెలో ఉంది. వారంలో వినిపిస్తానని మాటిచ్చి, ఆ రోజే పెట్టె తెరవమని అడిగాను.

మర్నాడు పొద్దున జవాబొచ్చింది. ఆ పిల్ల ఖాతా నుంచి. వద్దు.

లాగ్ తెరిచాను. పోయిన ఫోన్ రోజూ ఆరూ పదికి వచ్చి, కాసేపుండి పోతోంది. దొంగ అనుకున్నాను. ఆ పిల్ల ఏడాది రీచార్జ్ ముందే వేయించుకుంది కాబట్టి నంబర్ బతికే ఉంది. మరుసటి రోజు సరిగ్గా అదే వేళకు ఫోన్ చేశాను. రెండుసార్లు మోగాక కట్ చేశారు. దొంగైతే సిమ్ తీసి పారేస్తాడు కదా? తెల్లారిన వెలుగులోనూ భయమేసింది. మళ్లీ అడిగాను. మళ్లీ వద్దు. "నేనేం తప్పు చేసిన చెల్లె?" అని ఖాళీ గదిలో పైకే అనేశాను.

మూడోసారి కూడా అడిగి పెట్టి, ఈ గొంతు దొరికేలా లేదని వాళ్లమ్మకు చెప్పడానికి తెల్లారగానే అంబర్‌పేట్ వెళ్లాను. భర్త అప్పటికే పనికి పోయాడు. ఆమె నన్ను చూసి కొంచెం తడబడి, రేకు పెట్టె మూత తీసింది. చీరల కింద ఆ ఫోన్.

"ఆయన అమ్ముకుంటడని దాచిన. నీకు గూడ అబద్ధం జెప్పిన. పొద్దుగాల జరసేపు లేపుత, దాని ఫోటో కనవడ్తది. మల్ల బంద్ జేస్త."

ఫోన్ వెలిగింది. గోడ గడియారంలో ఆరూ పది. నా సందేశం తెర మీదికొచ్చింది. నేను నోరు తెరిచేలోపే ఆమె బొటనవేలు ఎర్ర బటన్ నొక్కేసింది.

"అదేందమ్మా?"

"అదే నేర్పింది. నీకు సదువు రాదు, ఏదొచ్చినా ఎర్రది నొక్కు, లేకుంటె ఎవరన్న ఆగం జేస్తరు అన్నది."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నేనెంత తిట్టినా ఆ పిల్ల ఫోన్‌కు లాక్ పెట్టుకోలేదు. రికార్డులన్నీ అందులోనే ఉన్నాయి. నా సర్వరూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. చివరి రికార్డు నొక్కాను.

ఆ పిల్ల ప్రాథమిక హక్కులు ఒక్కొక్కటిగా చదువుతోంది. మా హాస్టల్ మెట్లెక్కుతున్నట్టుంది, ఆయాసపడుతోంది. మధ్యలో చదవడం ఆపి గట్టిగా కేకేసింది.

"అక్కా, తలుపెయ్యకు! వస్తున్న!"

వాళ్లమ్మ ఫోన్ వైపు చూడలేదు. నా మోచేయి పట్టుకుని కుదిపింది.

"నిన్నే బిడ్డా. పలుకు."

"వెయ్య," అన్నాను. "రా."