గోడవతల అందుకునే గొంతు

ఆ రోజుల్లో మేము ఎంత అల్లరి చేసేవాళ్ళమో అని అందరూ తమ చిన్నతనం గురించి చెప్పుకుంటుంటే నేను నోరు మూసుకుని కూర్చుంటాను. నా చిన్నతనానికి అల్లరి చేసే తీరిక ఎక్కడిది? మూడో తరగతి సగంలో పలక అవతల పెట్టి తమ్ముణ్ణి చంకనెత్తుకున్నాను. దాంతో నా చదువూ అయిపోయింది, నా పిల్లతనమూ అయిపోయింది. అయిపోయిందనే అనుకున్నాను. తీరా చూస్తే అదెక్కడికీ పోలేదు. పిల్లల కంటబడకుండా అటక మీద పెట్టి మరిచిపోయిన బెల్లంముక్కలాగా అట్లాగే ఉండి, అరవై దాటాక, మనవలు పుట్టాక, నేను వాకిట్లోకి వస్తే కాలనీ పిల్లలు బంతి దాచుకునే వయసులో, ఆ కరోనా కాలంలో బయటపడింది. అందుకని చిన్నప్పటి తుంటరి పని ఏదైనా చెప్పమంటే నేను ముసలితనపు ముచ్చటే చెప్పాలి.

గోదావరిఖనిలో మాది బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్ల వరుస. మా ముసలాయన రిటైరయ్యాక కొడుకు బాయి పనిలో చేరాడు, కోడలు దవాఖానలో నర్సు. కరోనా రాకముందు ప్రతి శుక్రవారం సాయంత్రం మా ఆడవాళ్ళ ప్రార్థన కూటం ఒక్కో వారం ఒక్కో క్వార్టరులో జరిగేది. ఎవరింట్లో కూటమైతే వాళ్ళు చాయ పోయాలి. (మా వంతు వచ్చిన వారం "వదినా, నీ చాయల గిలాస అడుగు మంచిగ కనవడ్తంది" అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. కనబడనీ. ప్రార్థనకు వచ్చేది చాయపత్తి కోసమా?) కూటంలో పాట ఎత్తడం నా పని, అందుకోవడం గోడక్క పని. మా పెరడుకూ ఆమె పెరడుకూ నడుమ ఒకటే గోడ, అందుకే ఆమె గోడక్క అయింది. నేనొక చరణం ఎత్తి ఊపిరి తీసుకునేలోపు ఆమె దాన్ని కిందపడనీయకుండా అందుకునేది, ఆమె వెంట మిగతా అందరూ. మాకు పాటల పుస్తకంతో పని లేదు. (నేను అక్షరం అక్షరం కూడబలుక్కునేసరికి ప్రార్థన అయిపోయి అందరూ చెప్పులు వేసుకుంటుంటారు.) గోడక్క లేకుండా నేను పాడనూ లేను, నేను లేకుండా ఆమె మొదలుపెట్టనూ లేదు. ఇద్దరు మనుషులకు కలిపి ఒకటే గొంతు ఇచ్చాడేమో దేవుడు, పొదుపుగా.

కరోనా వచ్చింది. చర్చికి తాళం పడింది, కూటం ఆగింది. ఇంటికి కోడలు తాళం వేసింది. "అత్తమ్మా, మాట మాట్లాడితే తుంపర్లు కొంచెం దూరమే పోతయి. పాట పాడితే ఊపిరి లోపటికెళ్లి వస్తది, శానా దూరం పోతది. ఒక్క ప్రార్థన కాడ కలిసి పాడినోళ్లు వరసవెట్టి వచ్చి మంచాలెక్కుతున్రు. మామయ్య సంగతి నీకెర్కనే" అంది. ఎరుకే. ఏళ్ళ తరబడి బొగ్గుదుమ్ము పీల్చిన ఛాతీ ఆయనది. వాకిట్లోంచి వంటింట్లోకి నడవడానికి నడుమ ఒకసారి గోడ పట్టుకుని ఆగే మనిషి. ఆ రోగం మా గడప తొక్కితే ముందు ఎవర్ని పట్టుకుంటుందో నాకు ఎవరూ చెప్పక్కరలేదు. అందుకని కోడలి మాటకు తల ఊపాను. (కోడలి మాటకు నేను తల ఊపడం ఆ ఇంట్లో అదే మొదలు.) ఆయన పాత డ్యూటీ చొక్కాలు కత్తిరించి అందరికీ మాస్కులు కుట్టాను. ఖాకీ గుడ్డ గట్టిది. కాకపోతే ఊపిరి కూడా ఆడదు.

ఆదివారం ఫోనులో ఆరాధన అన్నారు. కొడుకు ఫోను చెంబుకు ఆనించి నిలబెట్టి ముందు కూర్చున్నాము. నేను పాట ఎత్తాను. గోడక్క అందుకోవడం నాకు వినబడేసరికి నేను తర్వాతి చరణంలో ఉన్నాను. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక మరొకరు. బస్సు వెళ్ళిపోయాక వెనక పరుగెత్తే మందిలాగా ఉంది మా పాట. ఎవరింట్లోనో కుక్కరు కూత కూసింది. "కూటం కాదు, కోమటి దుకాణం" అని ఫోను బోర్లించాను.

ఆ తర్వాత ఒకరోజు సాయంత్రం పెరట్లో గిన్నెలు తోముతున్నాను. తెలియకుండానే నోట్లోంచి ఒక చరణం వచ్చేసింది. వచ్చాక, అలవాటు చొప్పున, అందుకునేందుకు కొంచెం జాగా విడిచి ఆగాను. ఆగి, పిచ్చిదాన్ని, ఎవరున్నారు ఇప్పుడు అనుకునేలోపు గోడవతలి నుంచి అందుకుంది. గోడక్కే. ఆమె కూడా గిన్నెల ముందే కూర్చున్నట్టుంది, సట్టి గీకుతున్న చప్పుడు వస్తూనే ఉంది. మొహం కనబడదు, గొంతు మాత్రం గోడ దాటి వచ్చింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బూడిద పడిందనుకోండి.

మరునాటి నుంచి అది అలవాటైంది. కట్టుబాట్లన్నీ నేనే పెట్టాను: ఎవరి పెరట్లో వాళ్ళుండాలి, మాస్కు తీయకూడదు, గోడ దగ్గరికి రాకూడదు. కట్టుబాటు పెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరు. కానీ పాట ఆ వరుసలో నాలుగు పెరళ్ళు దాటిందంటే ఐదో పెరడు ఊరుకుంటుందా? "మాకు ఇనవడ్తలేదు, గట్టిగ ఎత్తు వదినా!" అని చివరి ఇంటి నుంచి కేక. గట్టిగా ఎత్తాలంటే ఖాకీ మాస్కు అడ్డం. దాన్ని కొంచెం, ముక్కు కిందికే, జరిపాను. ఇంకా వినబడలేదన్నారు. ఇనుప బకెట్ బోర్లించి ఎక్కాను. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, బకెట్ ఎక్కి గోడ మీదుగా తల పెట్టి చూస్తే గోడక్క అవతల రోలు మీద నిలబడి ఉంది! ఇద్దరమూ ఒకరినొకరు చూసుకుని, బడి ఎగ్గొట్టి దొరికిన పిల్లల్లాగా నవ్వుకున్నాము.

"చెల్లె, సన్నవడ్డవ్" అంది.

"నువ్వు లావైనవ్. ఎత్తుతున్న, అందుకో" అన్నాను.

శుక్రవారం వచ్చేసరికి వినబడదన్నవాళ్ళంతా వెనక గల్లీలోకి వచ్చేశారు. ముందు దూరం దూరంగా నిలబడ్డారు. తర్వాత పీటలు వచ్చాయి. పీటలు వచ్చాక ముచ్చట్లు, ముచ్చట్లు వచ్చాక దగ్గరికి జరగడం. బాయి మీద తలదీపాలు ఇచ్చి పుచ్చుకునే పనిలో రిటైరైన ముసలాయన ఒకాయన ఉన్నాడు, లైట్ల బావ అంటాం. ఆయన పళ్ళెంలో ఉడకేసిన శనగల గుడాలు తెచ్చి "ప్రసంగం లేకుంట ఒట్టి పాటలే ఉన్నయి. గిట్లయితే నేను రోజు వస్త మరదలా" అన్నాడు. ఒక పళ్ళెంలో అందరి చేతులు. మాస్కులన్నీ గడ్డాల కింద. బకెట్ మీద నిలబడి కంచం మీద గరిటెతో తాళం వేస్తున్న నాకు ఇవేవీ కనబడలేదు. నేను ఎత్తుతున్నాను, గోడక్క అందుకుంటోంది, గల్లీ గల్లీ అంతా ఆమె వెంట లేస్తోంది. అన్ని నెలలుగా గొంతులో కుక్కిపెట్టిందంతా ఒక్కసారి బయటికి వస్తుంటే నా కాళ్ళ కింద ఉన్నది బకెట్ అని కూడా గుర్తులేదు.

అప్పుడు మా తలుపు చప్పుడైంది. మా ముసలాయన గోడ పట్టుకుని, ఆగి, మళ్ళీ నడిచి, పెరటి వాకిలి దాటి ఆ మంది మధ్యకు వచ్చి నిలబడ్డాడు. పాట విని ఉండబట్టలేకపోయాడు. మాస్కు కిందికి గుంజాడు. పాడటానికి నోరు తెరిచి, ఛాతీ నిండా ఊపిరి ఎగబీల్చాడు. ఆయన చుట్టూ అన్ని నోళ్ళు, అన్నీ తెరిచే ఉన్నాయి. ఆ నోళ్ళన్నింటిలోంచి వస్తున్న గాలిలోంచే ఆయన పీల్చుకుంటున్నాడు.

నా చేతిలోని గరిటెతో గోడ మీది నీళ్ళ పైపును ఒక్క దెబ్బ కొట్టాను. ఒకటే.

బయటివాళ్ళకు ఇది చెప్పాలి. బాయిలో బొగ్గు నింపిన టబ్బు బండ్లను లాగే తాడుకు గంటలే మాట. నడుస్తున్న తాడుకు ఒక్క గంట పడిందంటే ఆపమని. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అన్నది తర్వాత, ముందు ఆగాలి. లోపల ఎవరి కాలు ఇరుక్కుందో ఎవరికెరుక? మా మగవాళ్ళు ఆ అలవాటును ఇళ్ళకు తెచ్చుకున్నారు. పిల్లలు కొట్లాడుకుంటే కంచం మీద ఒక్క దెబ్బ, అంతే. అందుకే గల్లీ అంతా చరణం నడుమ, తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయింది. బతుకంతా ఆ తాడు దగ్గరే డ్యూటీ చేసిన మా ఆయనైతే పీల్చిన ఊపిరి వదలకుండా చేయి పైకెత్తి నిలబడ్డాడు.

"ఏందే? ఎవలకేమైంది?" అన్నాడు.

"ఏం గాలె. గాకుంట ఆపిన. మాస్కు మీదికి గుంజి లోపటికి నడు."

"మంచిగ పోతున్న బండిని ఆపితివి గదనే మరదలా" అన్నాడు లైట్ల బావ.

"పాట ఆగితె మల్ల ఎత్తుత బావా. గాయన ఊపిరాగితె ఎవలెత్తుతరు?"

అందరూ పీటలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. గోడక్క రోలు దిగి తలుపు వేసుకుంది, కొంచెం గట్టిగానే.

ఆ వారం తిరగకముందే గోడక్కకు జ్వరం వచ్చింది. ఆమె మనవడు బసంత్‌నగర్ ఫ్యాక్టరీ నుంచి తెచ్చాడన్నారు. కోడలు నన్ను నిలదీసింది: "గల్లీల పాటలు నువ్వే మొదలువెట్టినవంట గదా అత్తమ్మా?"

"ఆపింది గూడ నేనే" అన్నాను. గొంతు మాత్రం మునుపటంత గట్టిగా రాలేదు.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. మా ఆయన దగ్గితే నేను పొయ్యి దగ్గర లేచి నిలబడేదాన్ని. పగలు ఫ్యాను తిరిగితే కరెంటు దండగని కోప్పడేదాన్ని, ఆయన గదిలో ఫ్యాను స్విచ్చు జోలికి పోలేదు. చెవి ఆయన ఛాతీ మీద ఆనించి వినేదాన్ని. "ఏమే, పాత ఇంజను ఇంక నడుస్తందా?" అనేవాడు. "మాట్లాడకు, నాకు ఇనవడ్తలేదు" అనేదాన్ని. ఎప్పటి పిల్లికూతే వినబడింది, కొత్తదేమీ లేదు. ఆ పిల్లికూత నాకెంత ఇంపుగా ఉండేదో చెప్పలేను. ఆ జ్వరం మా ఇంటికి రాలేదు.

గోడక్క కూడా దవాఖాన నుంచి తిరిగి వచ్చింది. సగం మనిషి వచ్చింది. ఒక సాయంత్రం గోడవతల నుంచి "చెల్లె, ఎత్తు" అంది. ఆ రెండు మాటలకే ఆమెకు ఆయాసమొచ్చింది. "నాకు గొంతు మంచిగ లేదక్కా, రేపు" అన్నాను. రేపు, ఎల్లుండి అంటూ దాటేశాను. ఇంతలో కొత్తగూడెంలో పనిచేసే కొడుకు వచ్చి ఆమెను తీసుకుపోయాడు. ఇప్పుడు ఫోనులో మాట్లాడుకుంటాము. కూర ఏందంటే కూర ఏందని. పాట సంగతి ఇద్దరమూ ఎత్తము.

చర్చి తెరిచి చాలా కాలమైంది. పెద్ద పెద్ద స్పీకర్లు వచ్చాయి, పాట గోడ మీద బొమ్మలాగా పడుతుంది, పిల్లలు మైకు పట్టుకుని చక్కగా పాడతారు. మంచిదే. కాకపోతే ఎవరూ ఎత్తనక్కరలేదు, ఎవరూ అందుకోనక్కరలేదు. శుక్రవారం కూటమూ మొదలైంది. నేను ఎత్తితే అందరూ ఒకేసారి అందుకుంటారు. అందరూ అందుకున్నా, నాకు ఎవరూ అందుకోనట్టే ఉంటుంది.

మొన్న పెరట్లో గిన్నెలు తోముతూ మళ్ళీ ఒక చరణం ఎత్తాను. ఎత్తి, ఆగాను. గోడవతల ఇప్పుడు కొత్తగా పెళ్ళయిన పిల్ల ఉంటోంది. పెరడు ఊడుస్తున్నదల్లా ఆగి, "అవ్వా, పిలిచినవా? ఏమన్న గావాల్నా?" అంది.

"ఏమొద్దు బిడ్డా" అన్నాను.

"ప్రార్థన జేసే నోటితోని అబద్ధమాడకే!" అని లోపలి నుంచి మా ముసలాయన, నడుమ రెండుసార్లు ఊపిరి తీసుకుని మరీ.

నాకే నవ్వు వచ్చింది. కాలనీని గడగడలాడించిన మనిషి, ఇనుప బకెట్ ఎక్కి మెడ చాపిన ముసలి పిల్ల, ఇంకా గోడకేసి చూస్తూ చెవులు రిక్కిస్తోంది. తోమిన గిన్నె బోర్లించి రెండో చరణం ఎత్తాను. ఈసారి ఆ పిల్ల ఏమీ అడగలేదు. గోడవతల చీపురు చప్పుడు మాత్రం ఆగింది.