పెద్దాడి మూత

పేరంటే వస్తువుకు కట్టిన పలుపుతాడనీ, గొడ్డే పోయాక పలుపు దేనికనీ చాలామంది అంటారు. రంగుల దుకాణంలో రంగులు కలిపే ఆవిడ కూడా అలాగే నమ్మింది.

అక్కడ ఇటుకరంగంటే ఏమిటని అడిగితే "మూడు పాళ్లు పెద్దాడు, ఒక పాలు చిన్నది" అని ఠక్కున చెప్పేవారు. పెద్దాడు ఎరుపు, చిన్నది పసుపు. మరి పెద్దాడంటే? దానికి మాటల్లేవు, డబ్బా మూత మీదున్న ఎర్రచుక్క చూపించడమే.

ఆ ఎరుపు చేసే కార్ఖానా మూతపడింది. మరోచోటి నుంచి కొత్త ఎరుపు వచ్చింది. అప్పటికి దర్జీ ఇంటి మెట్లగోడకు ఇటుకరంగు సగమే పడింది.

"పాత డబ్బాలో పోసెయ్, అమ్మాయ్," అన్నాడు యజమాని, ఆమె భర్తకు అన్నగారు.

"వీడు పెద్దాడు కాడు, బావగారూ."

"తేడా ఏమిటో చెప్పు."

ఆమె మూత మీది ఎర్రచుక్కను చూపించింది.

"నోటితో చెప్పవు, చేత్తో కలపవు! రేపటికి గోడ రంగు కలవకపోతే రంగులు కలిపే మిషను తెప్పిస్తా. అది అలగను కూడా అలగదు."

ఆమెకు ఒళ్లు మండింది. అసలు పెద్దాణ్ణి కొత్త ఎరుపు పక్కన పెట్టి తేడా చూపిద్దామని మూత మీది చుక్కను చాకుతో గీకింది. పొర లేచింది. కింద ఇంకో ఎరుపు, కాస్త ముదురు. దాని కింద మరొకటి, కాస్త కాషాయం వైపు.

"బావగారూ! పరుగెత్తుకురండి! పెద్దాడు ఒక్కడు కాడు, వంశమంతా ఉంది!"

చుక్క మాసినప్పుడల్లా అప్పుడు చేతికందిన సరుకుతోనే దాన్ని దిద్దడం ఆ దుకాణం అలవాటు. దిద్దింది ఎక్కువగా ఆమే.

"వీళ్లలో అసలువాడెవడు?"

"ఎవడూ కాడండీ! సరుకు మారినప్పుడల్లా గోడను చూసి పాళ్లు సర్దాను. ఆ సర్దుబాటులో వాడి చోటే వాడి పేరు. సర్దిన చేతికే తెలియలేదు, చూడండి!"

"మరి పొద్దుట్నుంచీ నా ప్రాణం ఎందుకు తోడేశావు తల్లీ?"

ఆమె అప్పటికే కొత్త ఎరుపులో పసుపు తగ్గించి కలుపుతోంది. గోడ మీద మచ్చ పెట్టి ఆరనిచ్చింది. నచ్చక మళ్లీ కలిపింది. సాయంత్రానికి దర్జీ కళ్లద్దాలు తుడుచుకుని వెతికినా అతుకు దొరకలేదు. మిషను మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కొత్త ఎరుపును ఆమె పాత డబ్బాలోనే పోసింది. పేరు పెద్దాడనే ఉంచింది. దాని చుక్కను మాత్రం పాతవాటి మీద కాక, పక్కన పెట్టింది.