ఎర్రగా ఉండాల్సిన ఆఖరి పేరు

నా కుడిచేతి చూపుడువేలు ఏళ్లుగా నాకు బరువైపోయింది. ఎవరికీ చెప్పలేదు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు; అందుకే ఫోనులో మాట్లాడుతున్నాను, అది రాసుకుంటోంది. ఈ ఉపాయం నేర్పింది నా కోడలు స్వప్నే. ఆమెకు చేసిన ద్రోహాన్ని ఆమె నేర్పిన విద్యతోనే మీకు చెబుతున్నాను.

కరోనా తర్వాత స్వప్న నల్లగొండలో మా ఇంట్లోనే కూర్చుని హైదరాబాదు కంపెనీ పని చేసేది. నల్లటి తెర. అందులో తను చేసిన పని ముక్కలకు పెట్టుకున్న పేర్లు, వరసగా ఎర్రగా. మౌసు ముట్టదు. బాణం గుర్తుతో కిందికి దిగి, పొడుగు బటన్ నొక్కితే ఆ పేరు పచ్చబడుతుంది. పచ్చబడ్డవే కంపెనీకి పోతాయి. ఇంగ్లీషు 'ఏ' అక్షరం నొక్కితే అన్నీ ఒక్కసారే పచ్చబడతాయని తనే చూపించింది. కానీ తను అది నొక్కదు. బియ్యంలో రాళ్లేరినట్టు ఒక్కొక్కటే ఏరుతుంది. ప్రతిసారీ ఆఖరి పేరును ఎర్రగానే వదిలేస్తుంది.

ఎందుకు వదులుతుంది? నాకు అనుమానం పట్టుకుంది. మొగుడు పోయాక నాకు మిగిలింది కొడుకొక్కడే. వాడు యాదగిరిగుట్టకు ఆటో నడుపుతాడు. ఆమె ఫోనులో ఇంగ్లీషులో నవ్వుతుంది. అట్లాంటిది ఏదో దాస్తుందంటే, వేరు కాపురమో వేరే మనిషో తప్ప ఇంకేముంటుంది?

ఆషాఢంలో ఆ రోజు ఆమె రెండు చేతులకూ గోరింటాకు పెట్టుకుంది. అప్పుడే ఆఫీసు ఫోను.

"అత్తమ్మా, జర గీ బటన్లు నొక్కవా? సారు ఆగుతలేడు."

"నేనా? నీ డబ్బా పేలుతదేమో బిడ్డా!"

"నేను వంట నేర్చుకున్నప్పుడు నీ వంటిల్లు పేలిందా? ఒక్కొక్క పేరు మీద పొడుగు బటన్ నొక్కు. ఆఖరిది మాత్రం ముట్టకు."

"గదాంట్ల ఏమున్నది?"

"గది పోవద్దంతే. నా దగ్గరనే ఉండాలె."

కిటికీలో పెట్టిన ఫోను వైపు తిరిగి సారుతో మాట్లాడుతోంది. వీపు నావైపు ఉంది. ఏం దాస్తున్నావో అందరూ చూడనీ అనుకున్నాను. 'ఏ' నొక్కాను. అన్నీ పచ్చబడ్డాయి, ఆఖరిది కూడా. చెయ్యి జారలేదు.

"అయిందా అత్తమ్మా?"

"అయింది."

తర్వాత ఆమె చెప్పిన బటన్లన్నీ నొక్కాను. పోయింది.

సాయంత్రానికి కంపెనీవాళ్లు ఆమెను పనిలోంచి తీసేశారు. ఆ ఆఖరిదాంట్లో ఉన్నవి కంపెనీ తాళాలు తెరిచే రహస్యపు మాటలట. పని సరిచూసుకోవడానికి తన దగ్గరే దాచుకునేదట. కంపెనీకి పోయినవి బయటివాళ్లు కూడా చూసే చోట ఉంటాయట; నా వేలితో అవి బజారున పడ్డాయి.

ఎర్రగా పండిన అరచేతులు చూసుకుంటూ ఆమె అంది: "నాదే తప్పు అత్తమ్మా. గోరింటాకు పెట్టుకోని కూసున్న. నీకు సక్కగ చెప్పకపోతిని."

నేను ఆమె తల నిమిరాను. ఆ పని కూడా చేశాను.

ఇప్పుడు ఊళ్లో ఒక బడిలో పిల్లలకు కంప్యూటరు చెబుతోంది. నేను దగ్గరికి పోతే లాప్‌టాప్ మూత దించుతుంది. అలవాటా? తెలిసిపోయిందా? చాయ్ గ్లాసు ఇస్తున్నప్పుడు నా మొహంలోకి ఎందుకట్లా చూస్తుంది? అప్పుడు ఆమెలో తప్పుందని అనుమానించాను, ఇప్పుడు నా తప్పు దొరుకుతుందని అనుమానిస్తున్నాను. నన్ను నేనే నమ్మలేకుండా ఉన్నాను: ఆమె చదువుతుందనే ఆమె సరిచేసిచ్చిన ఈ ఫోనులో చెబుతున్నానా? చదవకూడదనే ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నానా?

ఏమో. ఇందులో ఒక్క మాటా ఎర్రగా వదలలేదు. అన్నీ మీకు పంపుతున్నాను. ఈసారి కూడా చెయ్యి జారలేదు.