తాబేలు ఎందుకు పగిలింది

కాశిబుగ్గలోని మా అత్తగారింట్లో ఒకప్పుడు మగ్గం ఉన్న గదే ఇప్పుడు నా పనిగది. మంట మీద గాజు కడ్డీలు కరిగించి చేపలు, నక్షత్రచేపలు, తాబేళ్ళు చేస్తాను. విశాఖలో చదువుకున్న రెండేళ్ళూ రోజూ చూసిన సముద్రమే ఇలా గాజులోకి వచ్చింది. "మా కోడలికి చేపల పులుసు వండరాదు గని, గాజు చేపలైతే మస్తు చేస్తది" అని మా అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వుతుంది.

వేడి గాజును చిన్న కరెంటు కొలిమిలో పెట్టి రాత్రంతా మెల్లగా చల్లారనివ్వాలి. తొందరపడితే పైకి బాగానే ఉంటుంది. తర్వాతెప్పుడో ఉన్నట్టుండి పగులుతుంది.

పోయినేడాది ఒక ఆర్డరు హడావిడిలో ఒక తాబేలును రెండు గంటలకే బయటకు తీశాను. సాయంత్రం మూడేళ్ళ నా కూతురు దాన్ని చేతిలోకి తీసుకుంది. టక్కుమని రెండు ముక్కలైంది. అరచేయి తెగి, దవాఖానలో రెండు కుట్లు పడ్డాయి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిల్లను ఒళ్ళో అదుముకునే అరిచాను. "ముట్టకు అన్ననా లేదా? నువ్వు ముట్టుకున్నందుకే పగిలింది!"

"జర ఊకో బిడ్డా, పసిదానికేం తెలుసు" అంది అత్తయ్య.

నాకు తెలుసు. చెప్పలేదు. పైగా ఆ రోజు నుంచి, గాజు ఉన్నచోట చేతులు వెనక్కి కట్టుకోవాలని దానికి నేర్పాను. చెప్పిన మాట వింటుందని అందరి ముందూ మురిసిపోయాను కూడా.

ఈ వేసవిలో మొదటిసారి దాన్ని సూర్యలంక సముద్రానికి తీసుకెళ్ళాం. నీళ్ళలో కేరింతలు కొట్టిన పిల్ల, తడి ఇసుకలో ఒక గవ్వ కనబడగానే ఆగిపోయింది. రెండు చేతులూ వెనక్కి పోయాయి.

"తీసుకో బిడ్డా" అన్నాను.

"వద్దమ్మా. నేను ముట్టుకుంటే పగుల్తది."

"అది మీ అమ్మ చేసింది కాదు తల్లీ, పగలదు, తియ్యి" అని మా ఆయన నవ్వాడు. పిల్ల తియ్యలేదు. నేనే ఏరి దాని గౌను జేబులో వేశాను. ఇంటికొచ్చేదాకా ఆ జేబులో చెయ్యి పెట్టలేదు.

మూడు రోజుల తర్వాత పనిగదిలో దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"ఆ తాబేలు నీ వల్ల పగల్లే బిడ్డా. నేనే తొందరపడి తీసిన. తప్పు నాది."

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరి నన్నెందుకు తిట్టినవ్?"

తప్పు ఒప్పుకోవడానికి భయమైంది అని చెప్పబోయాను. నిజమే, కానీ పిల్లకు ఆ జవాబు సరిపోదు. రాత్రంతా చల్లారిన నీలం నక్షత్రచేపను తీసి దాని ముందు పట్టుకున్నాను. ఇది పగలదు, పట్టుకో అన్నాను.

దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. చేతులు మాత్రం వెనకే ఉన్నాయి.

"నువ్వే పట్టుకో అమ్మా" అంది. "నేను చూస్త."