కిటికీ మీద పెన్సిలు గీత

మా అప్ప పోయిందన్న కబురు భాద్రపదంలో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం వచ్చింది. శ్రీకాకుళం ఆస్పత్రి నుంచి బావగారు ఫోను చేశారు. "మీ అప్ప ఎల్లిపోనాదమ్మా" అన్నారు, అంతే. నేను "అలాగే బావగారూ" అన్నాను. అలా ఎందుకన్నానో నాకే తెలీదు. కూరలు తెమ్మంటేనో, గేటు వెయ్యమంటేనో అనే మాట అది. ఫోను బల్ల మీద పెట్టి, జల్లు లోపలికి కొడుతోందని ముందుగది కిటికీ మూయబోయాను. రెక్క సగం దూరం వచ్చి ఆగిపోయింది. గట్టిగా తోస్తే కిర్రుమంది గాని కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది, అది మాఘం దాకా మూసుకోదని. అలా అని చెప్పింది అప్పే.

అప్ప అంటే మా వైపు అక్క. ఆవిడ నాకు సొంత అక్క కాదు, తోటికోడలు. మా ఆయన అన్నగారి భార్య. కోటబొమ్మాళిలో మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఇరవై మూడేళ్ళు ఆ గోడకి అటు ఆవిడ, ఇటు నేను. తోటికోడళ్ళు కదా, బాగా పోట్లాడుకుని ఉంటారని మీరనుకోవచ్చు. పోట్లాడుకోవడానికి ఇద్దరు కావాలి. ఆవిడ ఎప్పుడూ ఏదో ఒక కిటికీ దగ్గర పనిలో ఉండేది.

ఆవిడ పుట్టిల్లు బొబ్బిలి. వాళ్ళ నాన్నగారు వీణలు చేసేవారు. కూతుళ్ళని ఉలి మాత్రం ముట్టుకోనిచ్చేవారు కాదట. సాయంత్రం పూట చెక్కిన కర్ర పొట్టు తుడవడానికి రానిచ్చేవారు. "పొట్టు తుడిసి తుడిసే నేర్సుకున్నాను. పొట్టు సూస్తే సాలు, కర్ర ఎలగుందో సెప్పేస్తాను" అనేది. పెళ్ళికి ఆయన తన చేత్తో చేసిన పనసకర్ర వీణ ఒకటి ఇచ్చారు. ఆయన పోయాక తమ్ముడు ఆయన చిత్రిక, అదే కర్రని పలచగా గీసి నున్నచేసే పనిముట్టు, తెచ్చి ఇచ్చాడు. అరచేతికి కొంచెం పెద్దది, పిడి అరిగి నున్నబడిపోయింది. వీణ వాయించడం ఆవిడకి రాదు. చిత్రిక పట్టడం వచ్చు. వీణలు చెయ్యనివ్వలేదు కాబట్టి కిటికీల మీద పడింది. ఇది నా ఊహ. ఆవిడ ఎప్పుడూ అలా అనలేదు.

ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే దగ్గర్లో ఉన్న కిటికీ రెక్కని ఒక వేలితో తోసి చూసేది. పెళ్ళిచూపులకి పిలిచినా అంతే. పాతపట్నంలో ఒకరింట్లో, లోపల పిల్లని చూపిస్తుంటే ఈవిడ వరండాలో కిటికీ గడియ బిగిస్తోంది. నాకు తల తీసేసినట్టయింది. ఆ ఇంటివాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆ గడియ గురించి చెప్పుకుంటారు.

బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది ఆవిడకి. అందులో అరిగిపోయిన సబ్బుముక్క, కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, పాత సైకిలు ట్యూబు ముక్కలు, స్క్రూడ్రైవరు, చెవి వెనక పెట్టుకునేంత పొట్టి పెన్సిలు. కిటికీలకి వచ్చే జబ్బుల్లో ముప్పాతిక వంతు ఆ డబ్బాతోనే నయమైపోయేవి. బందు వదులై రెక్క వాలిపోతే అందరూ కొత్త స్క్రూ కొంటారు. ఆవిడ పాత స్క్రూ ఊడదీసి, ఆ బెజ్జంలో జిగురు రాసిన అగ్గిపుల్లలు రెండు కుక్కి, పైకొస్తే విరిచేసి, ఆరాక మళ్ళీ అదే స్క్రూ బిగించేది. "స్క్రూది తప్పు కాదే, బెజ్జం పెద్దదైపోనాది" అనేది. గాలికి రెక్క టకటకలాడితే సైకిలు ట్యూబు ముక్క. గడియ బిగుసుకుంటే కొవ్వొత్తి. రంగు వేసినప్పుడు రెక్క చట్రానికి అంటుకుపోతే అందరిలా గుద్దేది కాదు. సందు వెంట బ్లేడుతో మెల్లగా గీసుకుంటూ పోయి, చివర్న అరచేత్తో ఒక తట్టు తట్టేది. తెరుచుకునేది. ఇవన్నీ నేను పక్కన నిలబడి డబ్బా పట్టుకుని నేర్చుకున్నవే. ఓపిక నాకు తక్కువ. ఆవిడకి తెలుసు.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడతో వాదన కుదరదు. వానాకాలంలో కిటికీకి చిత్రిక పట్టకూడదు. మా వైపు ఇళ్ళలో సగం కిటికీలు వేపకర్రవి. శ్రావణం వచ్చేసరికి ఉబ్బి చట్రంలో బిగుసుకుపోతాయి. మూసుకోవు, మూస్తే తెరుచుకోవు. అప్పుడు అందరికీ చిత్రిక గుర్తొస్తుంది.

"కడుపుతో ఉన్నప్పుడు జాకెట్టు కొలతలు ఇస్తావేటే?" అనేది అప్ప. "ఇప్పుడు కర్ర ఒళ్ళు సేసి ఉన్నాది. ఇప్పుడు కోసేస్తే ఎండల్లో ఏటవుతాది?"

ఆవిడ పద్ధతి వేరు. వానల్లో వచ్చి, రెక్కకీ చట్రానికీ మధ్య కాగితం దూర్చి జరుపుతూ, అది ఎక్కడ ఆగిపోతే అక్కడ రెక్క మీద పెన్సిలుతో గీత గీసేది. అంతే, ఇంక ముట్టుకునేది కాదు. మాఘంలో కర్ర ఎండాక వచ్చి, రెక్క ఊడదీసి, అంచు నుంచి ఆ గీత దగ్గరికి చిత్రిక పట్టేది. గీత వరకే. "గీత తినకూడదు. పని అయ్యాక గీత కనిపించాల" అనేది. గీత పోయిందంటే ఎక్కువ కోసేసినట్టే.

నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి. పదకొండేళ్ళ కిందట మా అమ్మాయి వీణ నేర్చుకుంటానంది. అప్ప తన వీణ తెచ్చి మా ముందుగదిలో, కిటికీ పక్కన బల్ల మీద పెట్టింది. "నా దగ్గర గుడ్డ కప్పుకుని పడుకుంటన్నాది. ఇక్కడ ఉంటే మాటాడతాది" అంది. ఆ ఏడు వానల్లో ఆ కిటికీయే బిగిసింది. అప్ప వచ్చి గీత గీసి, మాఘం దాకా ఆగమంది. మాఘం అంటే ఇంకా అయిదు నెలలు. ఆవిడ ఏదో పెళ్ళికి బొబ్బిలి వెళ్ళిన మూడు రోజుల్లో నేను మెయిన్ రోడ్డు నుంచి ఒక వడ్రంగిని పిలిపించాను. అతను గంటలో పని ముగించాడు. కిటికీ వెన్నలా మూసుకుంది. అప్ప గీత పొట్టులో కలిసి పోయింది. పొట్టంతా తుడిచి పెరట్లో కాల్చేశాను. ఆవిడ పొట్టు చూసి కర్ర గురించి చెప్పేస్తుంది కదా!

వానలు వెళ్ళేదాకా బాగానే ఉంది. మాఘంలో అప్ప చిత్రిక పట్టుకొస్తానంటే, కిటికీ బాగానే మూసుకుంటోంది, అక్కర్లేదన్నాను. ఎండలు ముదిరేసరికి రెక్కకీ చట్రానికీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు. దాన్లో న్యూసుపేపరు మడత పెట్టి కుక్కాను, ఎవరికీ చెప్పలేదు. వైశాఖంలో పలాస పెళ్ళికి ఇల్లు తాళం వేసుకుని వెళ్ళాం. బావగారూ అప్పా కూడా మాతోనే వచ్చారు. ఆ రాత్రి ఇక్కడ ఈదురుగాలితో వాన కొట్టిందట. మర్నాడు తిరిగొచ్చేసరికి కాగితం నానిపోయి కింద పడి ఉంది. వీణ మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. రెండు రోజులకి కుండ మీద అతుకు విచ్చుకుంది.

అప్ప వచ్చింది. వీణ వైపు ఒకసారి చూసి, కొంగుతో ఒత్తింది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్క అంచు మీద వేలితో పైనుంచి కిందికి రాసింది.

"ఎవలు పట్టేరే దీనికి చిత్రిక?"

"ఎవరూ లేదప్పా. ఎండకి అదే అలా అయిపోయింది."

ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, నాకే ఆశ్చర్యం వేసింది. ఆవిడ ఇంకో మాట అడగలేదు. అది వాళ్ళ నాన్నగారు చేసిన వీణ. ఆయన చేతివి ఆవిడకి మిగిలినవి రెండే, అదీ ఆ చిత్రికా. నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ రోజే నిజం చెప్పేసి ఏడ్చేదాన్నేమో. ఆవిడ తిట్టలేదు, నేను చెప్పలేదు.

వారం తర్వాత సన్నని కర్ర బద్ద ఒకటి చెక్కి తెచ్చి, రెక్క అంచుకి జిగురుతో అతికి, తాడు చుట్టి బిగించి, రెండు రోజులు ఉంచింది. సందు పోయింది. వీణని తమ్ముడి దగ్గరికి బొబ్బిలి పంపింది. అది బాగుపడి వచ్చింది గాని, మంద్రం తీగలో ఒక జీర ఉండిపోయింది. తిరిగి తెచ్చి మళ్ళీ మా ఇంట్లో అదే బల్ల మీద, అదే కిటికీ పక్కన పెట్టబోయింది.

"అక్కడ వద్దప్పా" అన్నాను.

"ఏఁ? కిటికీ బాగు సేసినాను కాదేటి?" అంది.

అక్కడే పెట్టింది. మా అమ్మాయి ఆ జీరతోనే అయిదేళ్ళు నేర్చుకుంది. ఇప్పుడు విజయనగరంలో పిల్లలకి నేర్పుతోంది. ఆ జీర వినిపించినప్పుడల్లా నేను వంటింట్లో ఏదో ఒకటి గట్టిగా చప్పుడు చేసేదాన్ని.

ఆ తర్వాత ఆ కిటికీ పని ఏదైనా ఆవిడే చేసేది. మిగతా కిటికీలకి నా చేతికి చిత్రిక ఇచ్చేది, దీనికి మాత్రం ఇచ్చేది కాదు. నేను రెక్క పట్టుకునేదాన్ని, ఆవిడ చిత్రిక పట్టేది. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం.

ఈ ఏడు ఆషాఢంలోనే వానలు పట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున్న కాగితమూ పెన్సిలూ పట్టుకుని వచ్చింది. బద్ద అతికిన వైపు ఉబ్బి రెక్క మూసుకోవడం లేదు. కాగితం దూర్చి, గీత గీసింది. ఆ గీత ఎప్పటిలా తిన్నగా లేదు, మధ్యలో కొంచెం వణికింది. ఆవిడ కూడా చూసింది.

"ఈసారి మాఘంలో నువ్వు పట్టే" అంది. "నాకు సేతులు ఒణుకుతన్నాయి."

"దీనికా? నేనా?"

"నువ్వే. గీత వరకే. అప్పటిలాగ వడ్రంగోడిని పిలవకు."

 "నీకు తెలుసా?" అన్నాను.

"తెలవకేటి? ఆడి చిత్రిక మొద్దుబారిపోనాదని మా ఇంటికొచ్చి నా చిత్రిక అడిగి పట్టుకెళ్ళినాడు. మీ బావే ఇచ్చినారు. బొబ్బిలి నుంచి వచ్చి సూస్తే దాని నోట్లో ఏపపొట్టు."

అంటే నేను దొంగతనంగా చేయించిన పనికి వాళ్ళ నాన్నగారి చిత్రికే వాడాను. పదకొండేళ్ళూ ఆవిడకి అది తెలుసు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆవిడ మాత్రం నవ్వుతోంది.

"మరి అప్పుడే నన్ను ఎందుకు తిట్టలేదప్పా?"

"తిడితే ఇంకేది ఇరిగినా నాకు సూపించవు. దాసేస్తావు" అంది. డబ్బా మూత పెట్టుకుని, "టీ పెడతావా, ఎల్లిపోనా?" అంది. టీ పెట్టాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఇప్పుడు ఎందుకు, మాఘంలో ఇద్దరం కూర్చుని రెక్క ఊడదీసినప్పుడు అడుగుదాం అనుకున్నాను. నాకు ఓపిక తక్కువని చెప్పాను కదా. జీవితంలో ఒక్కసారి ఆగాను, అదీ ఆగకూడని చోట.

నాలుగు రోజుల జ్వరంతో వెళ్ళిపోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు బావగారు ఆ బిస్కెట్ల డబ్బా, చిత్రిక తెచ్చి మా గుమ్మంలో పెట్టారు. "నీకే ఇమ్మన్నాదమ్మా" అన్నారు. ఆయన మొహం వైపు చూడకుండా తీసుకున్నాను.

మాఘానికి ఇంకా చాలా రోజులుంది. రోజూ ముందుగదిలో తడి తుడుస్తున్నాను. వీణ ఉండే బల్ల మా ఆయన లోపలి గదిలోకి జరుపుతానంటే వద్దన్నాను, అక్కడ పెట్టింది అప్ప. వీణ మీద రెండు దుప్పట్లు కప్పాను. నిన్న వచ్చినవాళ్ళెవరో, కిటికీ అలా వదిలేశారేం, వడ్రంగిని పిలిపించనా అన్నారు. వద్దని చెప్పాను.

రెక్క సగం మూసుకుని అలాగే ఉంది. జల్లు పడినప్పుడు దాని అంచు నల్లబడుతుంది, ఎండ వస్తే తేరుకుంటుంది. గీత మాత్రం చెదరలేదు. పైనుంచి తిన్నగా వచ్చి, మధ్యలో కొంచెం వణికి, మళ్ళీ సర్దుకుని కిందికి దిగింది. మాఘంలో చిత్రిక పట్టి, ఆ వణుకు దగ్గర నేనూ ఆగాలి.