ఎక్కుతా అన్నాడు బాలనర్సింహ

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల బాలనర్సింహ గీసిన కల్లు తాగని వాళ్లు తక్కువ. ఆయన చేత తిట్లు తినని వాళ్లు ఇంకా తక్కువ. నీళ్లు కలిపావా అని అడిగినవాణ్ణి తిట్టేవాడు, అడక్కుండా గుటగుటా తాగి మెచ్చుకోని వాణ్ణి కూడా తిట్టేవాడు. ముప్పై రెండేళ్లు తాటిచెట్లెక్కాడు. నడుముకు మోకు తాడు బిగించి చెట్టు మొదట్లో నిలబడ్డాడంటే, కింద ఉన్నవాళ్లు ఒక ముచ్చట పూర్తి చేసేలోపు మట్టల్లో ఉండేవాడు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా జారలేదు. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా తనే చెప్పుకునేవాడు.

తోటి గీత కార్మికులంతా మోపెడ్లు కొన్నారు. ఈయన మాత్రం పాత సైకిలుకే రెండు కల్లు లొట్లు కట్టుకుని తిరిగాడు. మోటారు బండి కుదుపుకు కుండలో కల్లు పాడవుతుందని అందరికీ చెప్పేవాడు. అదంతా ఉత్తమాట. బండి నడపడం రాదు, నేర్పమని చిన్నవాళ్లను అడగడానికి నామోషీ. రాదు, చేతకాదు, నావల్ల కాదు అనే మాటలు ఆ మనిషి నోట ఎవరూ వినలేదు. భార్య సుక్కమ్మ కూడా వినలేదు.

రెండేళ్ల కింద ఎండాకాలంలో, పొద్దున ఎనిమిది గంటలకు, ఆయన కల్లు కట్టుకుని బొంగులూరు వైపు పోతున్నాడు. కొత్త వెంచర్ లోపలి నుంచి ఒక కారు వచ్చి, కుడీ ఎడమా చూడకుండా సాగర్ రోడ్డెక్కి, సైకిలును గుద్దేసింది. లొట్లు పగిలాయి. రోడ్డంతా కల్లు పారింది. ఆ వాసనకు మూగిన జనం తాగి పడ్డాడురా అనుకున్నారు. పొద్దున్నే చెట్టెక్కే మనిషి గుటక కూడా వెయ్యడని వాళ్లకు ఎవరు చెప్పాలి? తొడ ఎముక రెండు ముక్కలై పడి ఉన్న మనిషి, ఆ మాట విని, నొప్పికి కాదు, కోపానికి ఏడ్చాడు.

దవాఖానలో తొడకు రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంది, మోకాలు మాత్రం వంగలేదు. చెట్టు మీది నుంచి పడిన గీత కార్మికుడికి సర్కారు సాయం ఉంటుంది. అంత ఎత్తు నుంచి ముప్పై రెండేళ్లు పడకుండా ఉన్నవాడు, మూడడుగుల ఎత్తు సైకిలు మీది నుంచి పడ్డాడు. ఏ సాయం కింద రాసుకోవాలి?

తప్పు కారుదేనని పోలీసులు రాశారు. ఫ్రీగా వకీలును ఇస్తారు, న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొమ్మని ఒక కానిస్టేబులే సుక్కమ్మకు చెప్పి పుణ్యం కట్టుకున్నాడు. అట్లా వచ్చింది ఉజ్వల. ముప్పై ఏళ్లు లేని పిల్ల, మాట మెత్తన, పని గట్టిది. కారు ఇన్సూరెన్స్ కంపెనీ మీద ఎల్బీనగర్ కోర్టులో నష్టపరిహారం కేసు వేసింది. మెడికల్ బోర్డు డాక్టర్లు కాలు నలభై శాతం పోయిందని సర్టిఫికెట్ ఇచ్చారు. నలభయ్యేనా అని సుక్కమ్మ కూలబడితే, ఆ లెక్క ఎముకకే అని ఉజ్వల ఓపికగా విడమరిచింది. కుర్చీలో కూర్చుని రాసుకునేవాడికి ఆ కాలు నలభై శాతమే, చెట్టెక్కి బతికేవాడికి నూటికి నూరు. కోర్టు చూడాల్సింది ఆ నూరునే. మిగిలిన బతుకంతా దాని మీదే గడవాలి. అయితే ఆ ముక్క జడ్జి గారు ఆయన నోటి నుంచే వినాలి.

"బాపూ, రెండే మాటలు. మోకాలు వంగదు, చెట్టెక్కలేను. ఈ రెండు చెప్పి ఊకో" అంది.

బాలనర్సింహ సరే అన్నాడు. సరే అన్న గొంతు సుక్కమ్మకు నచ్చలేదు.

ఉజ్వలకు తెలియని సంగతి ఒకటుంది. కల్లు సొసైటీలో తాటిచెట్లను మనుషులకు పంచుతారు. ఎక్కగలిగినన్నాళ్లే ఆ చెట్లు ఆ మనిషివి. ఎక్కలేకపోతే ఎక్కగలిగిన వాడికి పోతాయి. ఊరి తాటిచెట్లు సగం వెంచర్ల కింద కూలిపోయాయి. మిగిలిన వాటి కోసం కాచుకుని ఉన్నవాళ్లు చాలామంది. బాలనర్సింహ చెట్లు పన్నెండు. వాటిని పిలిచే పేర్లు కూడా ఉన్నాయి ఆయన దగ్గర, పిల్లలకు పెట్టుకున్నట్టు. కాలు విరిగినప్పటి నుంచి చిన్నాన్న కొడుకు బాలేష్ బదులుగా ఎక్కుతున్నాడు. సొసైటీ పెద్ద నారయ్య కనబడినప్పుడల్లా ఈయన ముందే అందుకుని, వచ్చే సీజనుకు నేనే ఎక్కుతానన్నా అనేవాడు. నారయ్య తలూపి వెళ్లిపోయేవాడు. ఆ తలూపులో ఏముందో అర్థంకాక ఈయనకు కంటి మీద కునుకుండేది కాదు.

ఆ నారయ్యనే ఉజ్వల రెండో సాక్షిగా రమ్మంది. ఈయన గీత కార్మికుడేనని, దీని మీదే బతికాడని చెప్పడానికి. బాలనర్సింహ వద్దు బిడ్డా అని ఒక్క మాట అంటే పోయేది. ఎందుకు వద్దని అడుగుతుంది కదా. ఏమని చెప్పాలి? నోరు మెదపలేదు మహానుభావుడు.

వాయిదా నాడు మొగుడూ పెళ్లామూ నారయ్యా ముగ్గురూ ఒకే బస్సులో ఎల్బీనగర్ దిగారు. సుక్కమ్మ ఉతికిన ధోవతి కట్టించింది. నారయ్య చొక్కా జేబులో ఏదో కాగితం మడత, మాటిమాటికీ తడుముకుంటున్నాడు. సాక్షి బయటే ఉండాలన్నారు కనుక కోర్టు గుమ్మం అవతల నిలబడ్డాడు. తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంది.

బోనులో బాలనర్సింహ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే వద్దన్నాడు. ఉజ్వల అడిగినవి సక్రమంగానే చెప్పాడు. ఆపరేషన్ సంగతి, కర్ర సంగతి, మోకాలు వంగని సంగతి. మొదటి మాట బయటపడింది, ఇక రెండోది మిగిలింది. అప్పుడు ఇన్సూరెన్స్ వకీలు లేచాడు. గొంతు పెంచలేదు, దబాయించలేదు. చుట్టాన్ని పలకరించినట్టు అడిగాడు.

"పెద్దమనిషీ, ముప్పై రెండేళ్ల అనుభవం నీది. కర్ర పట్టుకొని నడుస్తనే ఉన్నవ్. చెట్టు గూడ ఎక్కుతవ్ గదా?"

బాలనర్సింహ తలెత్తాడు. గుమ్మం అవతల నారయ్య తెల్ల తలపాగా కనబడింది. నారయ్య ఇటే చూస్తున్నాడు.

"ఎక్కుతా" అన్నాడు.

జడ్జి గారు కళ్లద్దాలు తీసి, తొందరేం లేదు, ప్రశ్న సరిగ్గా విని చెప్పమన్నారు. మంచి మనిషి, రెండోసారి అవకాశం ఇచ్చారు. సుక్కమ్మ వెనక బెంచీలో కొంగు నోట్లో కుక్కుకుంది.

"విన్న సార్. ఎక్కుతా. ఎందుకెక్కను?"

టైపు చేసే అమ్మాయి ఆ మాట టైపు చేసింది. వకీలు ఇంకేమీ అడగలేదు, అడగాల్సిన అవసరం లేదు.

ఉజ్వల నారయ్యను పిలవడానికి బయటికొచ్చింది. పెద్దాయన గోడకు ఆనుకుని ఉన్నాడు. జేబులో కాగితం మడత విప్పి మళ్లీ మడిచాడు. "నేను రాను బిడ్డా. వాడు ఎక్కుతా అని చెప్పినంక, ఎక్కలేడని నేనెట్ల చెప్పాలె? మా మనిషిని అబద్ధాలకోరును చెయ్యమంటవా?" అన్నాడు. ఆమె ఎంత చెప్పినా కదల్లేదు. చివరికి ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాడు. చదివి, ఆమె అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయింది.

అది సొసైటీ తీర్మానం. ప్రమాదంలో కాలు పోయి బాలనర్సింహ ఇక చెట్లు ఎక్కలేడు గనుక, ఆ పన్నెండు చెట్లూ ఆయన బతికినన్నాళ్లూ ఆయన పేరనే ఉంచి, బాలేష్ గీసి, సగం కల్లు ఆయనకే ఇచ్చేట్టు అందరూ ఒప్పుకుని వేలిముద్రలూ సంతకాలూ పెట్టారు. తేదీ మూడు నెలల కిందటిది.

కర్ర చప్పుడు చేసుకుంటూ బాలనర్సింహ బయటికొచ్చాడు. ఉజ్వల మెల్లగా చదివి వినిపించింది.

"మూడు నెలలాయె. నాకెందుకు చెప్పలే నారయ్యన్నా?"

నారయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఎట్ల చెప్తరా తమ్మీ? నువ్వింక ఎక్కవని నీ మొఖం మీద ఎట్ల చెప్పాలె? గీడ కోర్టుల చదివితే నీకు ఎర్కైతదిలే అనుకున్న."

తిరుగు బస్సులో ముగ్గురూ మూడు సీట్లలో కూర్చున్నారు. బస్సు హస్తినాపురం దాటింది, తుర్కయంజాల్ దాటింది. సుక్కమ్మ ఒక్కసారి మాత్రం మొగుడి వైపు తిరిగి ఏదో అనబోయింది. ఆయన కర్రను రెండు చేతులతో పట్టుకున్న తీరు చూసి కిటికీ వైపు తిరిగింది.

నాలుగు నెలలకు తీర్పు వచ్చింది. ఎముక లెక్క నిలిచింది, పని లెక్క పోయింది. సొసైటీ కాగితం ఉజ్వల తర్వాత దాఖలు చేసినా, తాను చెట్లు ఎక్కగలనని పిటిషనరే ఒప్పుకున్నాడని తీర్పులో రాసి ఉంది. పరిహారం బాకీలకు, మందులకు సరిపోయింది. బతుక్కి సరిపోలేదు. హైకోర్టుకు పోదామంది ఉజ్వల, కానీ ఆశ పెట్టుకోవద్దని కూడా దాచకుండా చెప్పింది. సొంత నోటితో అన్న మాటను కొట్టేయించడం కష్టం బాపూ అంది. ఆ పిల్ల మీద ఆయన కోపగించుకోలేదు. ఎవరి మీదా కోపగించుకోవడం మానేశాడు. తిట్టని బాలనర్సింహను చూసి ఊరే భయపడింది.

తీర్పు కాగితం తెచ్చుకున్న మర్నాడు పొద్దున, తాటిచెట్ల దగ్గరికి పోదామని సుక్కమ్మను లేపాడు. చూరులో రెండేళ్లుగా వేలాడుతున్న మోకు తీయించి భుజాన వేసుకున్నాడు. ఏం చేస్తాడో ఏమోనని ఆమె వెంటే నడిచింది. బాలేష్ అప్పటికే పెద్ద చెట్టు మట్టల్లో ఉన్నాడు. బాలనర్సింహ ఆ చెట్టు మొదట్లో నిలబడ్డాడు. కర్ర పక్కన పడేసి, అరచెయ్యి బెరడు మీద పెట్టాడు. మంచి కాలు ఎత్తి ఆనించాడు. రెండో కాలు లేవలేదు. మళ్లీ ప్రయత్నించాడు, అది లేవలేదు. చెట్టుకు నుదురు ఆనించాడు.

తర్వాత మోకు తీసి సుక్కమ్మ చేతికిచ్చాడు.

"నేనెక్కలేనే సుక్కా" అన్నాడు.

ఆ మాట విన్నది సుక్కమ్మ ఒక్కతే. ఆమె మోకును చుట్టలుగా చుట్టి, కిందపడ్డ కర్ర తీసి ఆయన చేతికందించింది.