కొంగున దాచిన గోలీలు

ఆర్మూరు దవాఖాన ల్యాబులో పనిచేసే వినోద పొద్దున రాగానే గాజు పళ్ళేలను కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తుంది. రోగుల చీములోని క్రిములను వాటిలో పెంచి, పైన ఒక్కో మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పెడుతుంది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిములు చచ్చి, తేటగా గుండ్రం పడుతుంది. పడకపోతే, తప్పు తన కళ్ళదే అయితే బాగుండునన్నట్టు పళ్ళేన్ని తిప్పితిప్పి చూస్తుంది. తర్వాత, మందులకు లొంగని క్రిముల గురించి ఢిల్లీకి పోయే లెక్కలో ఎక్కిస్తుంది.

ఆ రోజు ముత్తెమ్మ పళ్ళెంలో ఒక్క గుండ్రమూ లేదు. పసుపు తవ్వేటప్పుడు పార తగిలిన కాలు కుళ్ళి, ఆమె వార్డులో జ్వరంతో కాలిపోతోంది. రిపోర్టు కోసం కోడలు రజిత వచ్చింది. “మొదలు తెచ్చిన గోలీలన్నీ మింగిందా?” అనడిగింది వినోద. “ఏడ మేడం! రెండు పూటలకే జర నెమ్మదైంది. మిగిలినయి కోడలికి జరమొస్తె పనికొస్తయని కొంగుకు కట్టుకుంది.” రజిత పిడికిలి విప్పింది. గోలీల అట్టకు పసుపు అంటుకుని ఉంది. “గివన్న ఇప్పుడు ఏసేదా మేడం?” వినోద ఆ పిడికిలిని మెల్లగా మూసి, తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ముత్తెమ్మ పళ్ళెంలో తాను మొట్టమొదట పెట్టిన బిళ్ళ ఆ మందుదే.